వాగుకు అవతలి గట్టు

ఒడెట్ పెల్కీని మా ఊళ్లో అందరూ మొండిఘటం అంటారు. నేనూ అంటాను, కాకపోతే మెచ్చుకోలుగా. పాడి ఆవుల మధ్య పెరిగిన మనిషి. చిన్న వయసులోనే మా బడిలో ఆయాగా చేరింది. చినుకు పడితే పిల్లల్ని ఆటలకు పంపకూడదని బడివాళ్లు ఓసారి నియమం పెట్టారు. "వీళ్లేం ఉప్పు బొమ్మలా, తడిస్తే కరిగిపోడానికి?" అని అడిగి, ఆ సాయంత్రమే ఉద్యోగానికి ఓ నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఆ వేసవికే ఊరి ఉమ్మడి అడవిలో పిల్లల శిబిరం మొదలుపెట్టింది. పొద్దున్నే పిల్లల్ని బస్సులో తెచ్చి దింపేది నేను. సాయంత్రం ఎక్కేటప్పుడు ఎవరు ఎవరో ఆనవాలు పట్టలేను, అంత బురద. సీట్లు కడుగుతూ తిట్టుకుంటాను. అయినా సెలవు రోజున ఆ గోల వినపడకపోతే నాకు తోచదు.

ఉరిమితే తప్ప శిబిరం ఆగదు. వాగులో దిగుతారు, కప్పల్ని పట్టి వదిలేస్తారు, పుల్లలు చెక్కుతారు. కత్తి తెరవడానికి ఒడెట్ పెట్టిన పద్ధతి ఒకటుంది. ముందు లేచి నిలబడి, చెయ్యి చాచి, ఉన్నచోటే ఒక చుట్టు తిరగాలి. ఎవరికీ తగలకపోతేనే కూర్చుని కత్తి తియ్యాలి.

ఇంత చేసినా, పోయిన వేసవిలో మేవ్ అనే పిల్లకు బొటనవేలు తెగి కుట్లు పడ్డాయి. ఆ పిల్ల తాత ఎవరెట్ స్టౌటన్, ఊళ్లో మాట చెల్లే మనిషి. మార్చిలో జరిగే ఊరి సభలో ఆయన తీర్మానం పెట్టాడు. కత్తులు మానాలి, వాగుకు కంచె కట్టాలి, లేదంటే అడవిలో శిబిరానికి చోటు లేదు.

మా సభలో ఓటున్నవాళ్లే మాట్లాడాలి. ఒడెట్ ఇల్లు వాగుకు అవతల, పక్క ఊరి కింద లెక్క. బయటివాళ్లు నోరు తెరవాలంటే సభ ఒప్పుకుంటూ చేతులెత్తాలి. ఆ రోజు చేతులు చాలలేదు. మా వెర్మాంట్ రాష్ట్రంలోనే పుట్టి, మా పిల్లల ముక్కులు తుడిచిన మనిషి పరాయిదైపోయింది.

అప్పుడు వెనక వరసలో ఒడెట్ లేచింది. చెయ్యి చాచి, నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. పక్కవాళ్లు గబగబా కుర్చీలు జరుపుకున్నారు. కూర్చుని, కత్తి తీసి, ఒక కర్రముక్కని గరిటెగా చెక్కడం మొదలుపెట్టింది.

"ఒడెట్, అది లోపల పెట్టు," అన్నాడు సభ నడిపే హోలిస్.

"నేనేమన్నా మాట్లాడానా హోలిస్? చెక్కుకుంటున్నా. దానిక్కూడా ఓటుండాలా?"

హాలంతా ఘొల్లుమంది. ఎవరెట్ మాత్రం లేచి, "నవ్వండి, నవ్వండి. రక్తం కారే ఆ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నేను, మీరు కాదు," అన్నాడు. తీర్మానం నెగ్గింది.

బయట మంచులో ఒడెట్‌ని పట్టుకుని, "పోనీ, కంచె కట్టించెయ్. చోటన్నా మిగులుతుంది," అన్నాను.

"కంచెకి ఇవతల నిలబడి వాగుని చూడ్డానికి పిల్లలకి నేనెందుకే? వాగుకి రెండు గట్లున్నాయి. అవతలిది నాది."

జూన్‌లో నా బస్సు వంతెన దాటి ఆమె మేపుల్ చెట్ల తోపులో ఆగింది. మేవ్ కూడా దిగింది. తన తండ్రి ఎవరెట్ ఎంత అరిచినా వినకుండా వాళ్లమ్మే ఎక్కించింది.

కాసేపటికి ఎవరెట్ మా ఊరివైపు గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు. పిల్లలు మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు.

"బయటికి రండి! ఇది మా ఊరి వాగు!"

"సగమే ఎవరెట్! నడుమ దాకా మాది!" అని అరిచింది ఒడెట్. "పిల్లలూ, నడుమనున్న ఆ పెద్ద బండ దాటకండి. అవతలి ఊరికి కోపం వస్తుంది."

ఆయన మొహం కందగడ్డైంది. మనవరాలిని లాక్కుపోవడానికి తోలు బూట్లతోనే నీళ్లలోకి దిగేశాడు. నడుమకొచ్చేసరికి కాలు జారింది. ఒక రాయి పట్టుకుని, ముందుకీ వెనక్కీ కదల్లేక ఆగిపోయాడు.

"తాతా, కదలకు! అది నాచు రాయి," అంటూ మేవ్ వెళ్లింది. "ముందు కాలితో తడిమి చూడు. గట్టిగా ఉంటేనే బరువు వెయ్యి. ఊఁ, ఇటు."

ఆయన ఆ చెయ్యి పట్టుకుని, చెప్పిన చోటల్లా అడుగు వేసి మేమున్న గట్టెక్కాడు. ఒడెట్ సాయానికి లేవలేదు.

"తీసుకెళ్తానంటే తీసుకెళ్లు ఎవరెట్," అంది. "తిరిగి దాటేటప్పుడు మాత్రం దాన్నే ముందు నడవనీ."

ఎవరెట్ గట్టు మీద కూర్చుని, బూట్లు విప్పి వాటిలోని నీళ్లు ఒంపేశాడు. మేవ్ అప్పటికే మళ్లీ వాగులో ఉంది.