నాయన మెడలో ఎర్రదారం

మా జిల్లాలో పండగకు పోతూ మందు ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలనుకునే వాళ్ళెవరైనా ఉంటే నన్ను అడగవచ్చు. పామిడి దగ్గర జాతరకైతే పెన్న ఇసుకలోకి దిగితే చాలు, గోనెసంచి పరుచుకుని కూర్చున్నవాడు వాడే పిలుస్తాడు. ఉరవకొండ వైపు తేరు లాగే ఊళ్ళలో తేరు వీధి చివర బజ్జీల బండి ఉంటుంది, దాని వెనక గోడకు ఒక చిన్న తలుపు ఉంటుంది. రాయదుర్గం దాటి సరిహద్దు పల్లెలకు పోతే కర్ణాటక ప్యాకెట్లు చీరల మూటల్లో వస్తాయి. నేను చుక్క ముట్టినదాన్ని కాదు. ఇదంతా మా నాయనను వెతుక్కుంటూ తిరిగి నేర్చుకున్న విద్య.

ఏ పండగకు పోయినా మా అమ్మ టెంకాయ పట్టుకుని గుడి వరుసలో నిలబడేది, నన్ను నాయన కోసం పంపేది. నేను ఎవరినీ అడగకుండా నేరుగా పోయేదాన్ని. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పళ్ళెంలో బొరుగులు, పొయ్యి మీద చీకులు, మధ్యలో నవ్వుతూ నాయన. పండగ పూట కూడా తాగకపోతే ఇంక పండగేందని అక్కడున్న పెద్దమనుషులు నాకు నచ్చజెప్పేవాళ్ళు. నేను ఆ వయసులోనే వాళ్ళందరినీ మనసులో తిట్టుకునేదాన్ని. ఇప్పుడు పైకే తిడతాను, అంతే తేడా.

ఒక్క పీర్ల పండగకు మాత్రం నన్ను ఎవరూ పంపలేదు. మా ఊళ్ళో పీర్ల పండగ అందరిదీ. పీరును ఎత్తేవాళ్ళలో సగం మంది మా హిందువులే, మా నాయన కూడా వాళ్ళలో ఒకడు. చావిడిలో పీర్లను నిలబెట్టిన రోజు వాటిని చూసుకునే ముజావరు తాత ఎత్తేవాళ్ళందరి మెడలో ఎర్రదారం కడతాడు. ఆ దారం ఉన్నన్నాళ్ళు మందు లేదు, మాంసం లేదు, కాలికి చెప్పులు లేవు. దారం కట్టుకున్నవాడికి ఎవరైనా మందు పోస్తే ఆ పాపం పోసినవాడిదే అని మా ఊరి నమ్మకం. అందుకని తాగుబోతులు కూడా నాయనను చూస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు. ఏడాదిలో మా ఇంట్లో అందరం కలిసి కూర్చుని అన్నం తిన్న రోజులు అవే. చిన్నప్పుడు దసరా సెలవుల కోసం ఎదురుచూసే పిల్లలను చూసి నాకు నవ్వొచ్చేది.

చివరి రోజు జలధి. పీర్లను వంక దగ్గరికి ఊరేగించి, నీళ్ళలో కడిగి, పూలు తీసేసి, పెట్టెలో పెట్టేస్తారు. ఎత్తినవాళ్ళు దారాలు తెంపి నీళ్ళలో వేస్తారు. వంకలో నీళ్ళు చూసి చాలా కాలమైంది కాబట్టి ట్యాంకరు నీళ్ళు గంగాళంలో పోసి ఆ కార్యం కానిచ్చేస్తారు. నీళ్ళు లేకపోయినా వంక గట్టు మీద మందు షాపు మాత్రం ఉంది. దారం గంగాళంలో పడడం, నాయన గట్టెక్కడం ఒకేసారి జరిగేవి.

మూడేళ్ళ కిందట నాయనకు కామెర్లు వచ్చాయి. కడుపు ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి. అనంతపురంలో డాక్టరు స్కానింగ్ చూసి, మా అమ్మను పక్కకు పిలిచి, లివరు దాదాపు పోయిందని చెప్పాడు. ఇక తాగకపోతే బతుకుతాడు, తాగితే మళ్ళీ నా దగ్గరికి తీసుకురావద్దు అన్నాడు. అప్పటికి నేను రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో మిషన్ మీద ఉన్నాను. నాయన మంచం మీద ఒట్లు పెట్టాడు. ఆయన ఒట్లు మాకు తెలియనివి కావు.

కాస్త తేరుకునేసరికి పీర్ల పండగ వచ్చింది. చేతకాకపోయినా పీరును ఎత్తాడు, దారం కట్టుకున్నాడు. జలధి రోజు అందరూ దారాలు తెంపుతుంటే మా అమ్మ జనాన్ని తోసుకుంటూ గంగాళం దగ్గరికి పోయి నాయన చేయి పట్టుకుంది. ఆ ఆలోచన ఆమెకు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. అంత మంది మగవాళ్ళ మధ్య ఆమె గొంతెత్తి మాట్లాడడం నేను చూసింది అదే మొదలు.

"తాతా, ఈయన దారం తీయొద్దు. ఇది ఉంటేనే మనిషి ఉంటాడు," అంది.

ముజావరు తాత నాయన ముఖం చూశాడు. "ఉండనీలేమ్మా. స్వామికి దారాలు లెక్కబెట్టే పని యాడుండాది," అన్నాడు.

అట్లా నాయన మెడలో దారం ఉండిపోయింది. గట్టు మీద షాపువాడు ఆయన కోసం తుడిచి పెట్టిన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

ఆ తర్వాత గడిచిన వారాల గురించి రాయడానికి నా దగ్గర పెద్ద సంగతులేమీ లేవు. నాయన చెనిక్కాయ విత్తనం వేశాడు. సాయంత్రాలు ఇంటి ముందు కూర్చుని అమ్మతో ఏవో మాట్లాడేవాడట. ఒక ఆదివారం ఎవరూ తోడు లేకుండా బస్సెక్కి రాయదుర్గం వచ్చాడు, కాళ్ళకు చెప్పులు లేకుండా. ఇద్దరం బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆ హోటలు పక్కనే వైన్ షాపు. నాయన అటు వీపు పెట్టి కూర్చున్నాడు. నీ మిషన్ ఎట్లుంటుంది పాపా, నడుము నొప్పి పెట్టదా అని అడిగాడు. నా పని గురించి మా నాయన నన్ను అడగడం అదే మొదటిసారి. ఏడుపు ఆపుకోవడానికి ఇంకో ప్లేటు చెప్పాను.

అప్పుడు వాన మొహం చాటేసింది. చెనిక్కాయ పూత మీద ఉంది, కాయ పట్టడానికి ఊడలు నేలలోకి దిగాల్సిన సమయం. నేల ఇనుములా గట్టిపడిపోయింది. మా సీమలో వాన రాకపోవడం వింత కాదు. వస్తేనే వింత. కానీ ఆ ఏడు మా ఊరికి ఒక కారణం దొరికింది. దారం నీళ్ళలో పడలేదు కాబట్టి జలధి పూర్తి కాలేదు, జలధి పూర్తి కాలేదు కాబట్టి పండగ ముగియలేదు, పండగ ముగియకుండా వాన ఎట్లా వస్తుంది? ఈ లెక్క మొదట ఎక్కడ పుట్టిందో వేరే చెప్పాలా? వంక గట్టు మీద, ప్లాస్టిక్ కుర్చీల్లో. ఏడాది పొడుగునా ఏ దేవుడికీ చేయెత్తి మొక్కని వాళ్ళకు అక్కడ కూర్చునేసరికి ఎక్కడలేని భక్తి వచ్చింది. ముజావరు తాత అదంతా ఉత్త మాట అని చావిడి ముందు నిలబడి చెప్పాడు. ఆయనకు వయసైపోయిందిలే అన్నారు.

నాయనను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అమ్మనే అన్నారు, అది కూడా నోటితో కాదు. కలుపు తీయడానికి ఆడవాళ్ళు గుంపుగా పోతూ మా ఇంటి ముందు ఆగకుండా పోయేవాళ్ళు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగిలినవాళ్ళు బిందెలు పక్కకు తీసుకుని ఆమె పోయేదాకా ఎదురుచూసేవాళ్ళు. మా చేను కూడా ఎండుతూనే ఉంది.

నేను ఊరికి పోయిన ఆదివారం, పొద్దున, నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నా మెడలో దారం ఉంటే ఊరికి వాన రాదంటాండారు. నువ్వేమంటావు?" అని అమ్మను అడిగాడు.

అమ్మ చేట పక్కన పెట్టింది. నేను అడ్డం పడ్డాను. వానకూ దారానికీ ఏం సంబంధం, డాక్టరు చెప్పింది మరిచిపోయినావా అని అరిచాను. అమ్మ నా వైపు తిరిగి, "నువ్వు రేపు బస్సెక్కి పోతావు. ఈడ బతకాల్సింది నేను. నన్ను పలకరించేవాళ్ళు లేరు పాపా," అంది. ఆమె లోపలికి పోయి కొడవలి తెచ్చి, నాయన మెడ వెనక దారాన్ని ఎత్తి పట్టుకుని, కోసింది.

ఊరంతా కదిలింది. మళ్ళీ ట్యాంకరు వచ్చింది, గంగాళం వచ్చింది. నాయన దారాన్ని నీళ్ళలో వేసి దండం పెట్టుకున్నాడు. జనం ఈలలు వేశారు. ఆ తర్వాత ఎవరూ ఆయనను లాక్కుపోలేదు, బలవంతం చేయలేదు, ఆ మాట నిజం చెప్పాలి. పాపం ఎన్నాళ్ళు ఓర్చుకున్నాడో అంటూ ప్రేమగా భుజం మీద చేయి వేసి గట్టెక్కించారు. కుర్చీ తుడిచారు. నేను చూస్తూ ఉండగానే మొదటి గ్లాసు పోశారు. ఇప్పుడు పాపం ఎవరికీ అంటదు కదా, మెడ ఖాళీగా ఉంది.

నాయన దసరా చూడలేదు. వాన కూడా రాలేదు. కాయ లేని చెనిక్కాయ కట్టెను గొర్రెలకు వదిలేశాం. చావుకు వచ్చినవాళ్ళు మట్టి వేసి, వంక గట్టు మీదికే పోయి బాధ తీర్చుకున్నారు. మంచి మనిషి అనుకుంటూ తాగారట. వాళ్ళలో ఏ ఒక్కడికీ తాము చేసింది ఏమిటో ఈ రోజుకీ తట్టలేదు. నా కోపమంతా అదే. పగబట్టి చంపినవాడికైనా చంపినట్టు తెలుస్తుంది.

ఈ ఏడు పీర్ల పండగకు సెలవు పెట్టి పోయాను. పీర్లను నిలబెట్టిన రోజు మా అమ్మ చావిడికి పోయి మెడలో దారం కట్టించుకుంది. ఆడవాళ్ళు మొక్కు కోసం కట్టుకోవడం ఉన్నదే, ఎవరూ పట్టించుకోలేదు. జలధి రోజు అందరి దారాలూ గంగాళంలో పడ్డాయి. అమ్మ మాత్రం పోలేదు, ఇంట్లో కూర్చుని జొన్నరొట్టెలు చేసింది.

అనుకున్నట్టే మళ్ళీ ఎండలు ముదిరాయి, పూత వాడింది. పోయిన ఆదివారం నేను ఇంట్లో ఉండగా నలుగురు వచ్చారు. నాయనకు గ్లాసు అందించినవాడే ముందు నిలబడి, జలధి పూర్తి కాలేదక్కా, ఆ దారం కాస్త తీసేయమని చాలా మర్యాదగా అడిగాడు. అమ్మ చేటలో చెనిక్కాయలు ఒలుస్తోంది. చేతులు ఆపలేదు.

"పోయినసారి ముందు దారం తీసినా. ఈసారి ముందు వాన రానీ," అంది.

వాళ్ళు నలుగురూ వంక వైపు పోయారు. మా వాకిట్లో నుంచి చూస్తే ఆ షాపు కనబడుతుంది. అమ్మ మెడ మీద దారం చెమటకు నల్లబడింది, దాన్ని అప్పుడప్పుడు సర్దుకుంటూ ఆమె పొట్టు చెరుగుతూ కూర్చుంది.