క్యూ మొన తగిలితే ఫౌలే

1978లో పుంగనూరు నుంచి మదనపల్లెకు బదిలీ అయ్యాను. కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా కబడ్డీ, వాలీబాల్ జట్లను చూసుకోవడం నా ఉద్యోగం. మద్రాసులో శిక్షణకు వెళ్లినప్పుడు స్నూకర్ నియమాలు కూడా నేర్చుకున్నాను. అందుకని ఊళ్లో క్లబ్బువాళ్లు ఏటా జరిపే పోటీకి రిఫరీగా నన్నే పిలిచేవారు.

ఎనభైల మొదట్లో ఒక ఫైనలు గుర్తుండిపోయింది. ఒకవైపు పుంగనూరులో బట్టల అంగడి నడిపే ఖాదర్ బాషా. అంతకు ముందటేడు పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్లలో స్పర్శ సరిగా లేదు, వణుకు కూడా ఉండేది. ఇంట్లోవాళ్లు ఆట మానెయ్యమన్నా ఆయన వినలేదు. రెండోవైపు కుప్పంలో గ్రానైట్ కాంట్రాక్టరు మునిరత్నం. ఇద్దరూ పాత స్నేహితులు.

చివరికి టేబుల్ మీద తెల్ల బంతి కాక రెండే మిగిలాయి. గులాబీ బంతికి ఆరు పాయింట్లు, నల్ల బంతికి ఏడు. ఖాదర్ బాషా నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గులాబీ బంతికి గురిచూస్తూ, తెల్ల బంతిని కొట్టే క్యూ కర్రను ముందుకూ వెనక్కూ ఆడిస్తుండగా దాని మొన తెల్ల బంతికి తగిలింది. బంతి వెంట్రుకవాసి కదిలి ఆగింది. కావాలని కొట్టినా, పొరపాటున తగిలినా అది షాటు కిందే లెక్క. తెల్ల బంతి వెళ్లి గులాబీని తాకలేదు కనుక ఫౌలు. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. వంగి మళ్లీ గురిచూస్తున్నారు. నేను ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు.

“ఫౌల్” అన్నాను. ఆరు పాయింట్లు మునిరత్నానికి చేరాయి.

మునిరత్నం వెంటనే అడ్డుపడ్డాడు. “వదిలెయ్ సార్. ఆయప్ప సెయ్యి సంగతి తెలిసిందే గదా.”

రిఫరీ చూసిన ఫౌలును ఎదుటివాడు మాఫీ చేసే వీలు లేదని చెప్పాను.

“నువ్వుండు రత్నం,” అని ఖాదర్ బాషా నా వైపు తిరిగారు. “తగిలింది నాకు తెలీలేదు సార్. మీరు సూసినారా?”

“చూశాను.”

“అయితే ఫౌలే.”

మునిరత్నం కాసేపు టేబుల్ కేసి చూశాడు. ఫౌలు తరవాత తాను ఆడకుండా, తప్పు చేసినవాణ్ణే మళ్లీ ఆడమనే హక్కు ఎదుటివాడికి ఉంది. బంతి కష్టమైన చోట ఉంటేనే ఎవరైనా ఆ హక్కును వాడుకుంటారు. ఇక్కడ గులాబీ బంతి మూల పాకెట్టుకు తిన్నగా ఉంది.

“ఆయప్పనే మళ్లా ఆడమను సార్.”

“జాలా రత్నం?”

“జాలి యాల భాయ్? నీ సెయ్యి వణుకుతాండాది, తప్పుతావులే అని.”

అందరూ నవ్వారు, ఖాదర్ బాషా కూడా. గులాబీ బంతిని పాకెట్లో వేశారు. నల్ల బంతి మాత్రం పాకెట్టు అంచుకు తగిలి అక్కడే ఆగిపోయింది. మునిరత్నం దాన్ని తేలిగ్గా వదల్లేదు. నిదానంగా గురిచూసి వేసి ఆట గెలిచాడు.

వెళ్లేటప్పుడు ఖాదర్ బాషా నాతో, “నా సెయ్యి సూసి మీరు గమ్మునుండి, ఆ సంగతి నాకు ఎనక తెలిసింటే, మళ్లా ఈడికి వచ్చేవాణ్ణి కాదు సార్” అన్నారు. తరవాత కూడా ఆయన పోటీలకు వచ్చారు. గెలిచిన ఏడూ ఉంది.

కళ్లతో చూసింది చెప్పడం వరకే రిఫరీ పని. దయ చూపే వీలు ఆ ఆటలో ఉంది కానీ, నియమం దాన్ని ఎదుటి ఆటగాడికి ఇచ్చింది, నాకు కాదు. రిటైరయ్యేదాకా కబడ్డీ కోర్టులోనూ ఆ హద్దు దాటలేదు.