సైదులు బావ దాచిన జ్వరం

నిన్న పొద్దున ఆరున్నరకు సూర్యాపేటలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సైదులు బావ చనిపోయాడు.

ఫోన్ వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో, రైస్ మిల్లుల ముందు ఆగిన ధాన్యం లారీల దగ్గర వార్త కోసం తిరుగుతున్నాను. యాదమ్మ అక్క ఒక్క మాటే అంది. "తమ్మీ, మీ బావ లేడురా."

మళ్లీ అడిగాను. ఏ వార్తయినా రెండుసార్లు అడగడం అలవాటు. జవాబు మారలేదు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. సైదులు బావ మా పెద్దమ్మ అల్లుడు, యాదమ్మ అక్క భర్త. ఊరు మునగాల. నిడమనూరు వైపు నుంచి మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం లారీ నడిపేవాడు. కొన్నేళ్ల కిందట హైవే మీద లారీ బోల్తా పడింది. నడుము కింది ఎముక విరిగింది. మూత్రనాళం తెగింది. ఆపరేషన్ చేసి అతికించారు. కొన్నాళ్లకు అది మళ్లీ మూసుకుపోయింది.

అప్పటి నుంచి పొత్తికడుపులో పైపు, నడుముకు మూత్రం సంచి. మళ్లీ లారీ ఎక్కలేదు. బస్సెక్కాలన్నా ఆలోచించేవాడు.

ఈ మధ్య హైదరాబాద్ డాక్టర్లు కొత్త పద్ధతి చెప్పారు. బుగ్గ లోపలి నుంచి చిన్న ముక్క తీస్తారు. అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచుతారు. మూసుకుపోయిన నాళాన్ని తెరిచి, ఆ కణాలను జెల్‌లో కలిపి లోపల వేస్తారు. అవి అతుక్కుని కొత్త పొరగా మారితే పైపు తీసేయొచ్చు. గ్యారంటీ లేదని కూడా చెప్పారు.

ఇది బావకు వివరంగా చెబుదామని వెళ్తే ఆయనే నాకు చెప్పాడు.

"నారు పోసుడే గదా బామ్మర్దీ. ఆడ పెంచుతరు, తెచ్చి ఈడ నాటేస్తరు. నారు ముదిరితే మాత్రం పనికిరాదట."

నిజమే. తయారైన కణాలు ఎక్కువ రోజులు ఆగవు. అందుకే బావ బుగ్గ నుంచి ముక్క తీసిన రోజే ఆపరేషన్ తేదీ ఖాయం చేశారు.

ఈ గురువారం.

పోయిన వారం కోదాడలో ఆయన చెల్లెలి కూతురు స్రవంతి పెళ్లి. పెళ్లికూతుర్ని మేనమామ గంపలో మోసుకొచ్చి మండపంలో దించాలి.

"పైపు పెట్టుకొని ఎట్ల ఎత్తుతవయ్యా? మీ చిన్నాయన కొడుకులు ఇద్దరున్నరు, వాళ్లెత్తుతరు తీయి" అంది అక్క.

"సొంత మేనమామ నేనుండంగ ఇంకోడు ఎత్తితే మంది ఏమంటరు?"

మూత్రం ఎక్కువ రాకూడదని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేశాడు. పెళ్లిరోజు పొద్దున సంచి తీసేసి, పైపుకు మూత బిగించి, పైన పట్టుపంచె కట్టాడు. మధ్యాహ్నం భోజనాలు అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

గంపకు ఒక పక్క ఆయన, ఇంకో పక్క వాళ్ల చిన్నాయన కొడుకు. స్రవంతి లోపలి నుంచి మెల్లగా అంది. "మామా, దించు. నేను నడుసుకుంట వస్త."

"సప్పుడు చేయక కూసో. ధాన్యం బస్తా అంత లేవు."

ఆమె నవ్వింది. ఫోటోల్లో ఆ నవ్వు ఉంది. బావ మొహం నిండా చెమట ఉంది.

తర్వాత రెండు రోజులకు చలిజ్వరం మొదలైంది. ఆపరేషన్ ముందు వివరాల కోసం ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేశారు. జ్వరం గాని, మంట గాని ఉన్నాయా అని అడిగారు.

"ఏం లేదు మేడం. మంచిగున్న."

పక్కనే ఉన్న అక్క ఊరుకోలేదు. "ఒళ్లు పెనం లెక్క కాలుతుంటే మంచిగున్న అంటవేంది?"

"సెప్తే గురువారం క్యాన్సిల్ చేస్తరు. ల్యాబుల ఉన్నయి ఖరాబైతయి. మళ్ల బుగ్గ కోసుడు కాడికెల్లి మొదలు. ఇగ నాతోని కాదు యాదమ్మా."

జ్వరం గోళీలు వేసుకుంటూ రోజులు నెట్టాడు. మొన్న మధ్యాహ్నం స్పృహ తప్పితే సూర్యాపేట తీసుకెళ్లారు. మూత్రంలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని డాక్టర్ చెప్పారు.

నిన్న సాయంత్రం ల్యాబ్‌కు ఫోన్ చేశాను. జ్వరం సంగతి తెలిస్తే ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లమన్నారు. కణాల్లో కొన్నింటిని గడ్డకట్టించి దాచి పెట్టామని, మళ్లీ బుగ్గ కోసే పని ఉండేది కాదని అన్నారు.

ఈ ముక్క బావకు ఎవరైనా చెప్పారో లేదో, చెబితే విన్నాడో లేదో నాకు తెలియదు.

అక్కకు చెప్పాను. ఆమె అడిగింది. "అయి ఇంకా బతికే ఉన్నయా తమ్మీ?"

ఉన్నాయి. ఆయనవి కాబట్టి ఆయనకే పెట్టాలట, వేరేవాళ్లకు పెట్టరట.

మీ ఇంట్లో పైపుతో ఉన్న మనిషి ఉంటే నీళ్లు తాగించండి. జ్వరం ఉందా అని అడిగి వదిలేయకండి. ఒళ్లు పట్టుకుని చూడండి.

కొత్త పెళ్లికూతురు శవం దగ్గరికి రాకూడదని పెద్దలు అన్నారు. స్రవంతి వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

బావా, ఇగ పైపు లేదు, సంచి లేదు. నిమ్మళంగ పండుకో.

ఈరోజు మధ్యాహ్నం మూడింటికి మునగాలలో అంత్యక్రియలు.

ల్యాబ్‌లో ఉన్నవాటిని పారేయడానికి ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు. పదకొండో రోజు దాకా అక్క గడప దాటకూడదు. ఆమె సంతకం చేసిన కాగితం తీసుకుని గురువారం పొద్దున మొదటి బస్సుకు నేను హైదరాబాద్ వెళ్తున్నాను.