చల్లగాలి గొట్టం

మొన్న మే నెల ఎండలో మా మనవరాలు తన కారు ఏసీ బాగుచేయించుకోవడానికి ఉప్పల్‌లోని ఒక మెకానిక్ షాపుకు పోతూ, తోడుగా నన్నూ ఎక్కించుకుంది. అక్కడ పక్కనే ఒక కుర్రాడి ఎర్ర స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తి ఉంది, దాని ముందు జాలీ దగ్గర్నుంచి ఇంజను దాకా నా చేయంత లావున ఒక నల్లటి గొట్టం బిగిస్తున్నారు. అదేమిటని నేను అడగకముందే ఆ కుర్రాడు సంబరంగా చెప్పుకొచ్చాడు, ఇంజను బానెట్ లోపలి వేడిగాలి పీలిస్తే నీరసపడుతుందట, బయటి చల్లగాలి అందిస్తే బలం పుంజుకుంటుందట, ఇదంతా కొత్త పద్ధతట. నేను తలూపి వచ్చి కుర్చీలో కూలబడితే మనవరాలు ఎండదెబ్బేమోనని కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. ఎండదెబ్బ కాదు. ఆ కొత్త పద్ధతి గొట్టాన్ని యాభై ఏళ్లకు పైగా కిందటే, అక్కడికి ఎంతో దూరం లేని నాచారంలో, ఈ చేతులతోనే రేకు వంచి చేశాను. చేయించినవాడు మా బావ. దానికీ ఆయనకూ చెడ్డపేరు తెచ్చినవాణ్ణి మాత్రం నేను.

అరవైల చివరి రోజులవి. నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి, షెడ్డుకూ షెడ్డుకూ మధ్య ఇంకా జొన్నచేలు ఉండేవి, వాటి గట్ల పక్కన సైకిళ్లు తొక్కుకుంటూ డ్యూటీలకు పోయేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన ఒక యజమాని అక్కడ రేకు డబ్బాల ఫ్యాక్టరీ పెట్టారు. అందులో నేను రేకు పని చేసేవాణ్ణి, వయసు ఇరవై రెండు, ఉద్యోగం టెంపరరీ. మా అక్క భర్త, అంటే బావ, ఆ యజమాని కార్లకు మేస్త్రి. అక్కా బావా జనగామ అవతలి పల్లె నుంచి వచ్చి లాలాపేటలో ఒకే ఒక్క గదిలో కాపురం పెట్టి, తల్లీతండ్రీ లేని నన్ను కూడా ఆ గదిలోనే ఉంచుకున్నారు. ఆదివారం ముగ్గురం చర్చికి నడిచిపోతూ ఉంటే, దారిలో పోయే ప్రతి బండి చప్పుడూ విని దాని రోగమేమిటో బావ చెప్పేవాడు, అక్కేమో ప్రార్థనకు పోతూ ఈ గోలేమిటని విసుక్కునేది.

యజమాని దగ్గర ఎవరో నవాబుగారి వారసుల నుంచి కొన్న రెండు సీట్ల విదేశీ కారు ఒకటి ఉండేది, అదంటే ఆయనకు ప్రాణం. ఆయన స్నేహితుడొకాయనకూ అలాంటిదే ఉండడంతో, ఒకరోజు మాటామాటా పెరిగి, ఉప్పల్ నుంచి భువనగిరికి పోయి ముందుగా తిరిగొచ్చేదెవరో తేల్చుకుందామని పంతం పట్టారు. అప్పట్లో ఉప్పల్ దాటితే వరంగల్ రోడ్డు మీద ఎద్దుబండ్లూ ఒకటీ అరా బస్సులూ తప్ప ఏముండేవి కనుక. చిక్కల్లా ఎక్కడంటే, ఆ కారు పొద్దున గాలిలా పోయేది, ఎండ ముదిరితే ఆయాసపడేది. ఇంజనుకు పెట్రోలు అందించే పంపు మీద తడిగుడ్డ కప్పి నీళ్లు చల్లే తతంగం మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బావ అదీ చేసి చూశాడు. ఫలితం లేకపోయింది.

రెండు రోజులు బానెట్‌లోకి తొంగి చూస్తూ కూర్చుని, మూడో రోజు అసలు సంగతి పట్టాడు. గాలి పీల్చే కార్బొరేటర్ ఎర్రగా కాలే పొగగొట్టం పక్కనే ఉంది, అది పీల్చేదంతా ఆ సెగే. "పొయ్యి పక్కన కూసోవెట్టి ఉరుకుమంటే ఎవడు ఉరుకుతడురా?" అన్నాడు నాతో. సెగ ఎంతుందో కొలవాలని దవాఖానాలో ఆయాగా చేసే అక్కను బతిమాలి జ్వరం చూసే థర్మామీటర్ తెప్పించి లోపల పెడితే, అది రెండు నిమిషాల్లో టప్పుమని పగిలింది. అక్క తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. అప్పుడు బావకు తట్టిందే కొవ్వొత్తుల ఉపాయం. చర్చిలో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చి, వైరు చుట్టి, ఇంజను చుట్టూ తలా ఒకచోట కట్టి, కారును ఉప్పల్ చౌరస్తా దాకా తోలుకుపోయి వచ్చి చూసేవాళ్లం. ఏ ముక్క కరిగితే అక్కడ సెగ ఎక్కువన్న లెక్క. "దేవుని ముంగట వెలిగిచ్చినయి తెచ్చి ఇంజన్ల వెడ్తరా?" అని అక్క గొణిగేది గానీ, ముక్కలు ఏరి తెచ్చి ఇచ్చేది కూడా ఆమే.

బావ చెప్పిన కొలతలకు నేను రేకు గొట్టం చేశాను. ముందు జాలీ దగ్గర వెడల్పాటి నోరు, అక్కడి నుంచి వంపు తిరిగి కార్బొరేటర్ దాకా. పొగగొట్టం చుట్టూ దాని సెగ బయటికి రానివ్వని తాడు చుట్టి, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టాం. మొదటిసారి గొట్టం లోపల కట్టిన ముక్క మండే మధ్యాహ్నం ఉప్పల్ పోయి వచ్చినా కరగకుండా నిలబడి ఉంటే, బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

పందేనికి ముందురోజు చివరిసారి పరీక్ష చేశాం. ముక్క తీసేసి గొట్టం బిగించమని నాకు చెప్పి బావ చక్రాలు చూడ్డానికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మా సూపర్‌వైజర్ వచ్చి, పర్మనెంట్ లిస్టులో నా పేరుందనీ, సోమవారం యజమాని సంతకం పెడతారనీ చెప్పాడు. నేను నేల మీద లేను. గొట్టం బిగించేసి అక్కకు చెప్పడానికి లాలాపేటకు సైకిల్ తొక్కాను. కొవ్వొత్తి ముక్క లోపలే ఉండిపోయింది.

మర్నాడు యజమాని నడుపుతూ ఉంటే పక్క సీట్లో బావ కూర్చున్నాడు. వైరు ఎక్కడ వదులైందో గానీ, ఘట్‌కేసర్ దాటాక ముక్క కార్బొరేటర్ గొంతులోకి పోయి, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు మళ్లీ మూసుకోకుండా అడ్డం పడింది. మలుపు దగ్గర యజమాని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా వేగం తగ్గలేదు. బావ చెయ్యి చాపి తాళం తిప్పేలోపే కారు రోడ్డు దిగి రాళ్లకుప్పకు కొట్టుకుంది. యజమానికి భుజం ఎముక విరిగింది. బావకు చిన్న గీతలే పడ్డాయి.

లారీకి కట్టి తెచ్చిన కారును మర్నాడు పొద్దున బావ విప్పాడు. పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. లోపలి నుంచి వైరుతో సహా ఆ ముక్క బయటికి వచ్చింది. బావ దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చొక్కా జేబులో వేసుకున్నాడు. అంతలోనే కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని యజమాని వచ్చారు. "నీ రేకుగొట్టం నా ప్రాణం తీసేసేదయ్యా!" అని అరిచారు. బావ తల వంచుకుని, "తప్పు నాదే సార్" అన్నాడు. ఒక్క మాట, గొట్టం తప్పు లేదు, మరిచిపోయింది నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ అది భయం కాదు, సోమవారం పెట్టబోయే సంతకం మీద ఆశ. బావను ఆ రోజే తీసేశారు. సోమవారం నేను పర్మనెంట్ అయ్యాను.

గొట్టం పాత ఇనుములోకి పోయింది. ఆ కథ షెడ్డు నుంచి షెడ్డుకు పాకి బావకు గొట్టం మేస్త్రి అని పేరు పడింది, కార్లవాళ్లెవరూ ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. ఉప్పల్‌లో రోడ్డు పక్కన లారీలు బాగుచేసుకుంటూ బతికాడు. ఒకసారి అక్కడికి పోయి, యజమానికి ఇప్పుడైనా నిజం చెప్పేస్తానన్నాను. లారీ కింద నుంచి తల బయట పెట్టకుండానే, "ఇప్పుడు జెప్పి ఏం జేస్తవ్? నీ నౌకరి గూడ వోతది. పో, డ్యూటీకి టైమైతుంది" అన్నాడు. నేను పోయాను. అక్క మాత్రం అన్నం వడ్డించినప్పుడల్లా, "గా గొట్టం వెట్టకపోతే మా బతుకు గిట్ల గాకపోతుండె" అనేది. నేను తల దించుకుని తినేవాణ్ణి.

ఇప్పుడు నాచారంలో జొన్నచేలు లేవు, మా ఫ్యాక్టరీ ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ రోజుల్లో తెలిసిన ఒకే ఒక్క మనిషిని నవ్వులపాలు చేసిన సంగతిని ఈనాడు ప్రతి కుర్రాడూ ఫోనులో చూసి నేర్చుకుంటున్నాడు, ఆ గొట్టాలు అట్టపెట్టెల్లో ఇంటికే వస్తున్నాయట. బావ పోయి చాలా కాలమైంది. ఆయన మెదడు ఎంత పదునైనదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అక్క ఎనభై దాటినా, తన భర్త చేతకాని పని చేసి బతుకు పాడుచేశాడనే ఇంకా నమ్ముతోంది. ఆమెకు కళ్లు ఆనవు కాబట్టి ఆదివారాలు మధ్యాహ్నం పోయి రిటైరయ్యాక నేను ఇలా రాసుకుంటున్నవన్నీ చదివి వినిపిస్తుంటాను. ఇదీ చదవాలి. పోయిన ఆదివారం నాకు ఒంట్లో బాగోలేదని మనవరాలి చేత ఫోను చేయించాను. నా ఒంట్లో బాగానే ఉంది.