డొల్ల చప్పుడు

ముందు చప్పుడు వినిపిస్తుంది. టక్. కొంచెం ఆగి, మళ్లీ టక్.

మంచు ఇంకా నీళ్ల మీదే పడుకుని ఉంటుంది. కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసే ఆ మలుపులో అవతలి ఒడ్డున అడవి కనిపించదు, ఇవతలి ఒడ్డున ఇసుక కనిపించదు. ఆ చప్పుడు మాత్రం ఒక చోట మొదలై, జానెడు జానెడు జరుగుతూ, రెండు బారల దూరం పోయి ఆగుతుంది. ఖాళీగా ఉన్న ఇంటి తలుపును ఎవరో ఓపికగా తడుతున్నట్టు ఉంటుంది. బూర్గంపాడు దాటాక ఒడ్డు మీద ఉన్న పాతిక ఇళ్ల వాడలో ఆ చప్పుడుకే పొయ్యిలు అంటుకుంటాయి.

తర్వాత మంచులోంచి మనిషి తేలతాడు. గురవయ్యకు అరవై ఎనిమిదేళ్లు. కుడి చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవదు. ఎడమ చేతిలో మూరెడు వెదురు కర్ర. ఎదురుగా నిమ్మపండు రంగు పడవ, పొడవుగా, సన్నగా, ఇసుక మీదకు కొట్టుకొచ్చిన చేపలా. కయాక్ అని దాని అసలు పేరు. వాడలో అందరూ తొక్కుడు పడవ అంటారు. తెడ్డు లేకుండా, కాళ్లతో తొక్కితే నడిచే పడవ ఆ ఒడ్డున అదొక్కటే.

కర్ర అలవాటు ఆయనకు నేల కింద అబ్బింది. కొత్తగూడెం బొగ్గు గనిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. బొగ్గు తీసిన చోట తల మీద రాయి కప్పులా వేలాడుతుంటుంది. దానికి ఆసరా నిలబెట్టడం ఆయన పని. షిఫ్టు దిగగానే అందరూ వెనక ఆగేవారు. ఆయన ఒక్కడూ ముందుకు పోయి, టోపీ దీపం వెలుగులో కర్రతో కప్పును కొట్టి వినేవాడు. ఖంగుమని మోగితే రాయి గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే లోపల పొర విడిపోయినట్టు. అప్పుడు ఎవరూ ఎందుకని అడగరు, వెనక్కి ఉరుకుతారు.

ఒకసారి మంగీలాల్ అనే తోటి కార్మికుడు చాయ్ డబ్బా తెరిచి కూర్చోబోయిన చోట కప్పు డొల్లగా పలికింది. గురవయ్య అతన్ని చొక్కా పట్టి లాగాడు. డబ్బా అక్కడే ఉండిపోయింది. కాసేపటికి మంచమంత రాయి దాని మీద పడింది. మంగీలాల్ ఇప్పటికీ ఎక్కడ కనిపించినా, నీ వల్ల నా చాయ్ పోయింది, ఇప్పుడు పోయించు అంటాడు. ఆయన పోయిస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన కొట్టి చూసి సరే అన్న కప్పు కింద ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గురవయ్య కొంచెం నిటారుగా కూర్చుంటాడు.

రిటైరయ్యాక భార్య నాంచారమ్మ పుట్టింటి వాడకు వచ్చేశాడు. ఆమెది చేపలు పట్టే ఇల్లు. వల ఎలా విసరాలో, ఏ మడుగులో వాలుగ పడుకుంటుందో, ఏ రాళ్ల చాటున జెల్లలు చేరతాయో ఆమే నేర్పింది. చీకట్లో బతికిన మనిషికి ఇంత వెలుతురు, ఇంత నీరు. తెడ్డు వేస్తుంటే ఆకాశం తనతోపాటు జరుగుతున్నట్టు ఉండేదట.

మూడేళ్లు అలా నడిచింది. ఒక వానాకాలం పొద్దున ఒడ్డు బురదలో జారి కుడి భుజం మీద పడ్డాడు. ఖమ్మం దవాఖానాలో పట్టీ వేసి ఎముక అతికించారు. ఎముక అతికింది గానీ చెయ్యి లేవలేదు. తెడ్డు వేయడానికి రెండు భుజాలూ కావాలి.

బావమరిది సమ్మయ్య తన పడవలో ఎక్కించుకున్నాడు. సమ్మయ్య మంచివాడే, నోరే ఆగదు.

"బావా, నడుమ కూసో. బియ్యం బస్తా కదులుతదా? గట్ల."

పడవలో ఉన్నవాళ్లు నవ్వారు. గురవయ్య కూడా నవ్వాడు. మర్నాటి నుంచి ఆ పడవ ఎక్కలేదు. అందరికీ ముందు నడిచి కప్పు కొట్టి చూసిన మనిషి, ఒకరి పడవలో బరువుగా కూర్చుని బతకలేనని నాంచారమ్మతో ఒక్కసారి అన్నాడు. ఒడ్డున కూర్చుని, ఎడమ చేత్తో చిరిగిన వలలు అల్లుతూ ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడిపాడు. నది ఆయన ముందు నుంచే పోయేది, పలకరించని చుట్టంలా.

దారి చూపింది కూడా సమ్మయ్యే, ఎగతాళికి. ఫోన్లో ఒక వీడియో పెట్టి చూపించాడు. సముద్రంలో ఎవరో కాళ్లతో తొక్కుతూ పడవ నడుపుతున్నాడు, చేతిలో గాలం ఉంది. నీ కోసమే చేసిండ్రు బావా, సైకిల్ తొక్కినట్టు తొక్కుడే అని నవ్వాడు. గురవయ్య నవ్వలేదు. వీడియో మళ్లీ పెట్టించాడు. మళ్లీ. ముప్పై ఒక్క ఏళ్లు గని వాలులో ఎక్కి దిగిన కాళ్లు ఆయనవి. భుజం పోతే పోయింది, కాళ్లున్నాయి.

అలాంటి పడవలు బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్నాయని విచారిస్తే తెలిసింది. జానీ అనే అతను పర్యాటకులకు నీటి ఆటలు నడిపి, అది మూసేసి, మిగిలిన మూడు పడవలు అమ్ముతున్నాడు. గురవయ్య, నాంచారమ్మ బస్సులు మారి మారి అక్కడికి చేరారు. ఆయన సముద్రం చూడడం అదే మొదలు. గనిలో దూరంగా బొగ్గు కూలినప్పుడు ఇలాగే ఉరిమేదని, ఇక్కడ ఉరుము ఆగడం లేదని ఆమెతో అన్నాడు.

తాటాకు కొట్టంలో మూడు పడవలు వరసగా ఉన్నాయి. పసుపుది, ఎర్రది, కొత్తగా రంగు వేసిన నీలంది. జానీ ఓపికగా చెప్పాడు. పసుపుదానికి కడుపు కింద బాతు కాళ్లలాంటి రెండు రెక్కలు, తొక్కితే అటూ ఇటూ ఊగుతాయి. ఎర్రదానికీ నీలందానికీ ఫ్యాను లాంటిది తిరుగుతుంది. వెనక్కి తొక్కితే వెనక్కి పోతుంది. నీలందాని అడుగు పగిలితే తానే అతికించానని, లోతు నీళ్లకు అది వద్దని కూడా దాచకుండా చెప్పాడు.

గురవయ్య అన్నీ విన్నాడు. తర్వాత కొట్టం మూలన ఉన్న వెదురు కర్ర తీసుకుని పడవలను కొట్టడం మొదలుపెట్టాడు. పసుపుది ఈ చివర నుంచి ఆ చివర దాకా డొల్లగా పలికింది. ఎర్రదీ అంతే. ఆయన ముఖం ముడుచుకుంది. నీలందాని ముందు భాగం కూడా డొల్లే, కానీ నడుము దగ్గర చప్పుడు గట్టిగా, దిటవుగా వచ్చింది. ఆయన అక్కడ అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇది గట్టిగుంది. ఇదే కావాలె."

"అది అతుకు బాబాయ్. అందుకే అలా మోగుతుంది," అన్నాడు జానీ.

మంచి సరుకు దాచి తతిమ్మావి అంటగడుతున్నాడని గురవయ్యకు అనుమానం. గనిలో చెవి తనతో ఎన్నడూ అబద్ధమాడలేదు, ఇప్పుడు ఎందుకు ఆడుతుంది? పట్టు వదల్లేదు. చివరికి జానీ ఆయనకు తేలే జాకెట్టు తొడిగి, నడుము లోతు దాటకూడదని మాట తీసుకుని, పక్కనే నీళ్లలో నడుస్తూ నీలం పడవను దింపాడు.

మొదటి అలకు పడవ ఒక పక్కకు ఒరిగింది. అతుకు దగ్గర తడిసి నానిన బరువు దాన్ని కిందికి గుంజింది. రెండో అలకు బోర్లాపడింది. జానీ జాకెట్టు పట్టి లేపేసరికి గురవయ్య ముక్కులో, నోట్లో ఉప్పు, జుట్టులో ఇసుక. భుజం కన్నా ఎక్కువగా చెవి నొచ్చింది ఆయనకు. ఒడ్డున కూలబడి, గట్టిదేదో డొల్లదేదో చెప్పే చెవి పోయిందనే అనుకున్నాడు. అది కూడా పోతే ఇంక తనలో ఏముంది?

నాంచారమ్మ కొంగుతో ఆయన తల తుడిచింది.

"నువ్వు ఇంకా గనిలనే ఉన్నవ్. కప్పు చూస్తున్నవ్, పడవ చూస్తలేవ్. డొల్ల లేకుంటే తేలుడెట్ల?"

ఆయన తల ఎత్తాడు. ఆమె తుడుస్తూనే ఉంది.

"కుండ కొనేటప్పుడు నేనేం జేస్త? సుట్టూత కొడ్త. ఒక్కతీరుగ మోగాలె. గంతే."

గురవయ్య లేచాడు. కర్ర తీసుకుని మళ్లీ కొట్టంలోకి పోయాడు. ఈసారి కళ్లు మూసుకుని కొట్టాడు. ఎర్రది ఒక్కతీరుగానే పలికింది. పసుపుదీ ముక్కు నుంచి తోక దాకా ఒకే గొంతు, ఎక్కడా తడబాటు లేదు. ఇన్నేళ్లు ఏ చప్పుడు వింటే వెనక్కి ఉరికాడో అదే చప్పుడు. దాని దగ్గరకు ఇంత చేరువగా నిలబడడం అదే మొదలు.

ఇక ఆ రెంటిలో ఏది? ఎర్రది వెనక్కి నడుస్తుంది. అది చిన్న మాట కాదు. కానీ ఎండాకాలం గోదావరి మోకాలి లోతుకు దిగి, రాళ్లు పళ్లలా బయటపడతాయి. ఫ్యాను రాయికి తగిలితే విరుగుతుంది. పసుపుదాని రెక్కలు, తొక్కే మెట్టును ఒక్కసారి ముందుకు నెడితే, పడవ పొట్టకు అతుక్కుని పడుకుంటాయి. పైగా పడవను తిప్పే చుక్కాని పిడి ఎడమ పక్కన ఉంది. ఆయన దాని మీద ఎడమ చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. గనిలో వెనక్కి ఉరికింది చాలు, ఇది ముందుకే పోనీ అన్నాడట.

సాయంత్రం పసుపు పడవను అలలకు ఎదురు పెట్టారు. అలకు పక్క చూపించొద్దని, మూడు పెద్దవి వచ్చాక కాస్త సందు దొరుకుతుందని, ఆ సందులో ఆపకుండా తొక్కమని జానీ చెప్పాడు. మూడు అలలు వచ్చి విరిగాయి. గురవయ్య తొక్కాడు. నాలుగోది పడవ ముక్కును ఆకాశం వైపు ఎత్తి, మెల్లగా దించింది. ఆ తర్వాత నురగ లేదు, ఉరుము వెనకబడింది. నీరు ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి పడుతోంది. ఆయన తొక్కడం ఆపి, పిడికిలితో పడవను తట్టాడు. కింద సముద్రమంతా ఉన్నా, పడవ అదే గొంతుతో పలికింది. తిరిగి ఒడ్డుకు వచ్చాక నాంచారమ్మ ఆయన ముఖం చూసి, చెప్పులు చేతికిచ్చింది.

కిరాయి బండి మీద పడవ వాడకు వచ్చిన రోజు ఊరంతా చూడ్డానికి వచ్చింది. సమ్మయ్య దాని చుట్టూ తిరిగి, దీనికి గాలి కొట్టియ్యాల్నా బావా, పంచరైతే ఎట్ల అని అడిగాడు. గురవయ్య ఎక్కి తొక్కాడు. మలుపు దాటి, అడవి నీడ పడే మడుగు దాకా పోయి, మధ్యాహ్నానికి రెండు వాలుగలతో వచ్చాడు. పెద్దదాన్ని సమ్మయ్య ఇంటికి పంపాడు. బియ్యం బస్తా పంపిందని చెప్పమన్నాడు.

వానలకు ముందు ఒకరోజు సమ్మయ్య తన ఫైబర్ పడవను ఇసుక మీదకు లాగి, కొట్టి చూడమని అడిగాడు. ఈసారి ఎగతాళి లేదు. గురవయ్య చుట్టూ కొట్టుకుంటూ పోయి, వెనక భాగంలో ఒకచోట ఆగాడు. అరచెయ్యంత మేర చప్పుడు మందంగా, నానినట్టు వచ్చింది. గోకి చూస్తే లోపల పొర మెత్తబడి ఉంది. ఆ పడవతో వరద గోదావరిలోకి పోయి ఉంటే ఏమయ్యేదో సమ్మయ్యకు తెలుసు. చాయ్ తెప్పించాడు. ఇప్పుడు ఏటా తొలకరికి ముందు ఆ ఒడ్డున ఉన్న పదకొండు పడవలూ బోర్లించి వరసగా పెడతారు. అందరూ వెనక నిలబడతారు. గురవయ్య ఒక్కడూ కర్రతో ముందుకు నడుస్తాడు. ఆయన సరే అనే దాకా ఏ పడవా నీళ్లు తాకదు. మంగీలాల్ ఒక ఏడాది అది చూడ్డానికే కొత్తగూడెం నుంచి వచ్చి, అదే నడక, అదే మనిషి అని తల ఊపుకుంటూ పోయాడు.

ఈ సంగతులన్నీ ఆయన చెప్పగా రాసుకుని నేను లేచేసరికి మంచు విడిపోయి, పడవ పసుపు ఎండలో కలిసిపోయింది. సెలవు తీసుకుంటే గురవయ్య తల ఊపి, కర్ర చంకలో పెట్టుకుని, గట్టు మీద ఆపిన నా కారు దాకా నడిచి వచ్చాడు.

"జర ఆగుండ్రి సారు. నాలుగు టైర్లు కొట్టి చూస్త, అప్పుడు పోదురు."