మూడు గోల్స్ వెనకబడి...

మా చిన్నప్పుడు... గొల్లపల్లి వైపు ఊళ్లల్లో ఫుట్‌బాల్ పోటీ పెడితే బహుమతి మేకపోతు. గెలిచినవాళ్లకే ఇస్తారు సరే, కానీ కోసి వండేది ఆ మైదానం పక్కనే. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకే వరుసలో కూర్చుని అడ్డాకు దొప్పల్లో తినాల్సిందే. మా దగ్గర అదీ ఆనవాయితీ.

దాంతో మా జట్టుకు ఓటమంటే లెక్కే లేకుండా పోయింది. రెండు గోల్స్ పడగానే మా కళ్లు పొయ్యి వైపు తిరిగేవి. మూడోది పడిందా... ఇక కాళ్లు కూడా!

మా పెద్దనాన్న కొడుకు ముత్తన్నకు ఇది చూస్తే ఒళ్లు మండేది. మాకు ఆట నేర్పేది ఆయనే. వెనకబడి కూడా ఒక్కసారి గెలవాలి, ఆ మేక మా ఊరిది అనిపించుకోవాలి... అదే ఆయన పంతం.

"కూర కోసం ఆడుతున్నరారా మీరు? సిగ్గులేదూ?" అని తిట్టి, ఆ ఎండాకాలం కొత్త పద్ధతి పెట్టాడు. రోజూ ఆట మొదలయ్యేదే మేం మూడు గోల్స్ వెనకబడినట్టు. అవతల ఆడేది మాకంటే పెద్దవాళ్లు. గోల్ పడితే చాలు, మా గోల్‌కీపర్ లచ్చిగాడు బంతి చంకన పెట్టుకుని మైదానం మధ్యదాకా పరుగెత్తాలి. నడిచాడా... అన్న వెదురుబరికె అందుకునేవాడు.

"ఏడుపు తర్వాత, ముందు ఉరకండ్రా! ఇంకా టైమున్నది!"

ఎంత తిట్టుకున్నామో ఆయన్ని! కానీ తొలకరి పడేనాటికి, ఒక సాయంత్రం నిజంగానే మూడూ తీర్చేసి నాలుగోది కొట్టాం. అన్న తన సొరకాయ బుర్రలోని జావంతా మాకు తాగించి, ఖాళీ బుర్ర ఊపుకుంటూ ఇంటికి పోయాడు. ఆ నడక ఇంకా నా కళ్లల్లోనే ఉంది.

పోటీ దగ్గర పడ్డాక అన్నకు జ్వరం పట్టుకుంది... పసర్లు పోశారు, మొక్కులు మొక్కారు. మాట తడబడేసరికి పెద్దమ్మ బెదిరిపోయి, కోంటా ఆసుపత్రికి తీసుకుపోదామంది. బండి నడిచే దారి కాదు. నులకమంచానికి బొంగులు కట్టి, గొంగడి కప్పి, జట్టంతా భుజానికెత్తుకున్నాం. పైన ముసురు.

ఎవరూ చెప్పలేదు... ఉరికాం. భుజం మార్చుకునేటప్పుడు కూడా మంచం దించలేదు. లచ్చిగాడు ముందు బొంగు పట్టుకుని ఒకటే అరుపు, "టైమున్నదన్నా, ఇంకా టైమున్నది!"

అన్న కళ్లు తెరిచాడు. "నడవకండ్రా..." అన్నాడు. అంతే.

అప్పుడొచ్చింది వాగు. ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పారుతోంది.

నడిస్తేనే కొట్టే మనిషిని మోసుకొచ్చి... మేం కదలకుండా నిలబడ్డాం. అరిచాం. ఏడ్చాం. లచ్చిగాడు నీళ్లలోకి దిగబోతే పెద్దమ్మ రెక్క పట్టుకుని లాగింది. "ఒక్కడు చాలడారా, నువ్వు కూడా పోతవా?" అంది. ఆమెకు అప్పటికే తెలిసిపోయిందేమో...

నీళ్లు తగ్గేసరికి పొద్దు వాలింది. అన్న లేడు.

ఆ ఏడు మేం పోటీకి పోలేదు. ఆ తర్వాత జట్టే లేదు. మిరప కోతలకని కొందరు భద్రాచలం అవతలికి వెళ్లి అక్కడే ఉండిపోయారు. లచ్చిగాడూ అంతే. నేను కోంటాలో ఆటో నడుపుకుంటున్నాను.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. రోడ్డు పడింది. ఫోన్ చేస్తే అంబులెన్స్ కూడా వస్తుంది. మంచిదే, ఎవరి పిల్లలైనా బతకాలి... కానీ నా కడుపుమంట మాత్రం చల్లారదు. ఇంత చిన్న వంతెన లేకనా మా అన్న ప్రాణం పోయింది!

మీ ఊళ్లోనూ మిమ్మల్ని తిట్టి తిట్టి పరుగెత్తించిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల పేరు ఇక్కడ రాయండి, చదువుకుంటాను. బతికుంటే ఇవాళే వెళ్లి పలకరించండి.

ఆ వంతెన మీద మెల్లగా పొమ్మని ఆటో ఎక్కిన సవారీలు మొత్తుకుంటారు... నావల్ల కాదు. అక్కడికి రాగానే నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, "నడవకండ్రా..." అని.