మెరిసే చోట పేరు

బోగోలు నుంచి వెంకటాచలం దాకా కొత్త స్టీలు గిన్నె కొన్న ఇళ్లన్నిటికీ ఇమామ్ సాహెబ్ చేతిరాత తెలుసు. గిన్నెల మీద పేర్లు కొట్టడం ఆయన పని. పెళ్లి బిందెలు, శ్రీమంతం పళ్లేలు, చర్చికి ఇచ్చే గంగాళాలు, ఏవైనా సరే, గుర్రుమనే చిన్న మిషన్‌తో మెరిసే చోటు చూసి పేరూ ఊరూ గుండ్రటి అక్షరాల్లో చెక్కేస్తాడు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉండి ఆయన ఒక్క సంగతి బాగా ఒంటబట్టించుకున్నాడు. జనం పేరు కొట్టించుకునేది ముచ్చటకు కాదు, పక్కింటివాళ్ల మీద నమ్మకం లేక. లోకమంతా గిన్నెలు మార్చేసేవాళ్లే అయినప్పుడు తానొక్కడు నమ్మి చెడిపోవడం దేనికని ఆయన వాదన. ఇంట్లో గ్లాసుల నుంచి గొడుగు పిడి దాకా ఆయన పేరే. మసీదు బయట విడిచే చెప్పుల బకిళ్ల మీద కూడా ఉంది.

ఇంత జాగ్రత్తపరుడికి ఒక పాత మోటారుసైకిలు ఉంది. పేరుకు దూరప్రయాణాల బండి, బరువైనది, గేర్లు నాలుగే. ఊళ్లలో తిరగడానికి బాగానే ఉంటుంది గాని, హైవే ఎక్కితే నాలుగో గేరులో కూడా ఇంజను గొంతు చించుకుంటుంది. ఒకసారి భార్య నూర్‌బీని ఎక్కించుకుని చెన్నై బయల్దేరితే సగం దారిలో గేర్లు మొరాయించాయి. ఎర్రటి ఎండలో ఆమె చేత బండి తోయించాడు. అప్పటినుంచి ఆమె ఆ సీటు మీద కూర్చోలేదు. ఏ ఊరు పోవాలన్నా ఆమె బస్సులో, ఆయన ఆ బస్సు వెనకాలే బండి మీద. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. వెనక సీటు ఖాళీగా ఉంటే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. ఆ మాట పైకి మాత్రం అనేవాడు కాదు.

ఈ ఏడు తమిళనాడులోని నాగూరు దర్గా ఉరుసుకు బండి మీద పోదామని పట్టువదలకుండా బతిమాలితే నూర్‌బీ చివరికి మెత్తబడింది. "ఒక్కసారి ఎక్కతా. దోవలో నిలబడిందంటే మాత్రం, ఇంక జన్మలో నన్ను ఎక్కమని అడగబాకు," అంది.

అలా మొదలైంది గేర్‌బాక్సు వెతుకులాట. జువ్వలదిన్నె హార్బరుకు పోయే దారిలో ఆండ్రూ అనే మెకానిక్ షెడ్డు ఉంది. పడవ ఇంజన్లు, బండ్లు రెండూ చేస్తాడు. ఆ షెడ్డుకు తాళం ఉండదు. స్పానర్లు బల్ల మీద పరిచి ఉంటాయి, పడవలవాళ్లు వచ్చి కావలసింది పట్టుకుపోతారు, పనయ్యాక తెచ్చి పడేస్తారు. ఇమామ్ సాహెబ్ మొదటి అనుమానం అక్కడే పుట్టింది. తన సామానే పట్టనివాడికి ఊళ్లోవాళ్ల సామాను ఏం పడుతుంది?

ఆండ్రూ మూడు దారులు చెప్పాడు. పాత నాలుగు గేర్లనే బాగు చేయించుకోవచ్చు, అయితే హైవే మీద ఇంజను అరుపు తగ్గదు. ఉత్తరాది నుంచి వచ్చే అయిదు గేర్ల పెట్టె ఉంది, చవకే గాని గేర్లు బిరుసుగా పడతాయి. చెన్నైలో చేసే అయిదు గేర్లది ఇంకొకటి ఉంది, ఖరీదెక్కువైనా మెత్తగా పడుతుంది, అయిదో గేరులో ఇంజను నింపాదిగా పోతుంది. నూర్‌బీ అక్కను ఎక్కించుకుని దూరం పోవాలంటే చెన్నైదే వేయమన్నాడు.

ఖరీదైనది వేయమన్నాడంటే కమిషన్ ఉన్నట్టే అనుకున్నాడు ఇమామ్ సాహెబ్. కావలి పోయి ఇంకొక మెకానిక్‌ని అడిగాడు. అతనూ చెన్నైదే అన్నాడు. నెల్లూరులో అడిగితే వాళ్లదీ అదే మాట. మంచిదైతే ఒకడైనా కాదనాలి గదా, అందరూ ఒకే మాట అంటున్నారంటే ముందే కూడబలుక్కున్నారని తేల్చుకున్నాడు. ఫోనులో ఏదో వీడియోలో ఒక కుర్రాడు ఆ పెట్టెను తెగ పొగుడుతుంటే, వాడికి ఊరకే ఇచ్చి ఉంటారని వీడియో కట్టేశాడు. ఉత్తరాదిదే తెప్పిద్దామనుకున్నాడు గాని, అంత చవకగా ఎందుకిస్తున్నారని దాని మీద ఇంకా పెద్ద అనుమానం వచ్చింది. ఉరుసు దగ్గర పడుతోందని నూర్‌బీ గుర్తుచేశాక, వేరే గతి లేక చెన్నైదే తెప్పించాడు.

బిగించే రోజు షెడ్డులో స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఆండ్రూ కొత్త సామానంతా తుడిచి, ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూసి, గుడ్డ మీద వరుసగా పెట్టుకున్నాడు. ఇంతలో హార్బరులో ఏదో పడవ ఇంజను పట్టేసిందని కబురొచ్చింది. ఇప్పుడే వస్తానన్నా అని వెళ్లాడు.

ఇమామ్ సాహెబ్ సామాను వంక చూశాడు. ఇంత కొత్త ఇనుము. మూత బిగించాక లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు? రేపు ఇందులో ఒకటి తీసి పాతది పెడితే ఏమని నిరూపించాలి? చెయ్యి దానంతటదే పేర్లు కొట్టే మిషన్ ఉన్న సంచిలోకి పోయింది. గేర్లు మోసే పొడుగాటి షాఫ్టు మీద అద్దంలా మెరిసే నున్నటి చోటు ఒకటి కనపడింది. అక్కడ తన పేరు కొట్టేశాడు. ఆండ్రూ కంటపడకుండా పైన గ్రీజు రాసి యథాస్థానంలో పెట్టాడు. వచ్చిన ఆండ్రూ, తుడిచి చూసుకున్నవే కదా అని బిగించాడు. కాస్త బిగుతుగా ఎక్కితే కొత్తది గదా అనుకున్నాడు.

రెండు మూడు రోజులు బండి బ్రహ్మాండంగా పోయింది. తరవాత వెంకటాచలం నుంచి వస్తుంటే అయిదో గేరు టక్కున బయటికి తన్నేసింది. మళ్లీ వేస్తే మళ్లీ తన్నింది. లోపల ఏదో గీరుతున్న చప్పుడు. ఇమామ్ సాహెబ్‌కు భయం కన్నా ముందు కోపం వచ్చింది. తాననుకున్నదే జరిగింది, ఆండ్రూ సామాను మార్చేశాడు!

నేరుగా వెళ్లి అడిగే మనిషి కాదు ఆయన. సాక్షి కావాలి. బోగోలులో స్టీలు కొట్టు పెట్టుకున్న గిరిబాబును వెంటబెట్టుకున్నాడు. సంగతి విని నూర్‌బీ కూడా ఆటోలో వచ్చింది. షెడ్డులో నలుగురూ వినేట్టు అన్నాడు. "లోపల నా పేరు ఉండాల. లేకుంటే నువ్వు దొంగవే."

ఆండ్రూ వెంటనే పెట్టె విప్పాడు. షాఫ్టు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు. గుండ్రటి అక్షరాలు. సగం అరిగిపోయి ఉన్నాయి గాని, చేతిరాత ఆయనదే.

"నీ పేరు ఉండాదన్నా," అన్నాడు ఆండ్రూ. "ఈ నున్నటి చోట గేరు జారాల. నువ్వు చెక్కినాక గరుకు తేలి, గేరు లోపలంతా గీరేసింది. అది పూర్తిగా కూర్చోలేక ఎనక్కి తన్నేస్తా ఉండాది. మెరిసేదంతా గిన్నె అంచు కాదు గదన్నా."

గిరిబాబు కొట్టు తెరవాలంటూ జారుకున్నాడు. షాఫ్టూ గేరూ మళ్లీ చెన్నై నుంచి రావాలని, ఉరుసు లోపల వస్తే బిగిస్తానని ఆండ్రూ చెప్పాడు. అప్పుడు నూర్‌బీ మొగుడి వంక చూసింది.

"సామాను ఈ అబ్బాయి దగ్గరికే రానీ. నువ్వు ముట్టబాకు, కాపలా కూర్చోబాకు. అట్టయితేనే ఎక్కతా."

ఆ రోజులు ఆయన ఎలా గడిపాడో ఆయనకే తెలియాలి. జువ్వలదిన్నె వైపు ఎవరు పోయినా ఆరా తీద్దామని నోటిదాకా వచ్చేది, నూర్‌బీ చూపు చూసి మింగేసేవాడు. ఉరుసుకు ముందే బండి తయారైందని కబురొచ్చింది. ఇద్దరూ మూట కట్టుకుని వెళ్లారు. ఆయన ఒక చుట్టు తిప్పి చూశాడు. అయిదో గేరు వెన్నలో వేలు పెట్టినట్టు పడింది. నూర్‌బీ వచ్చి వెనక సీటు మీద కూర్చుంది. ఎన్నాళ్లకో ఆ సీటు నిండింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఆండ్రూ బల్ల మీది స్పానర్లన్నీ పోగేసి ఆయన ముందు పెట్టాడు. "పొయ్యేముందు వీటి మీద నా పేరు కొట్టి పోన్నా."

"తాళం లేని షెడ్డు గదబ్బయా నీది. నీకెందుకు?"

"ఇన్నాళ్లూ అవసరం పడలా. ఆ పొద్దు అందరి ముందర నువ్వు నన్ను దొంగన్నావు. రేపు ఇంకొకడంటాడు. నాదేదో, ఇంకొకళ్లదేదో చూపించేదానికి ఉండాల గదన్నా."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఇమామ్ సాహెబ్ చెవులు సిగ్గుతో కాలిపోయాయి. మిషన్ తీసి స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క స్పానరు మీదా ఆండ్రూ పేరు కొట్టాడు. నూర్‌బీ సీటు మీద నుంచి దిగకుండా చూస్తూ ఉంది.

పని ముగిసే వేళకు పడవ నడిపే నరసయ్య వచ్చాడు. ఎప్పటిలాగే బల్ల మీదికి చెయ్యి చాచి ఒక స్పానరు తీసుకున్నాడు. దాని మీది అక్షరాలు తడిమి చూశాడు. తిరిగి బల్ల మీద పెట్టేసి, ఆండ్రూ వైపు తిరిగి అడిగాడు.

"ఇది తీసుకపోవచ్చునా, ఆండ్రూ?"